చూసే హక్కు, మూసే అధికారం: కాలిఫోర్నియా కౌంటీలలో బాలల న్యాయవ్యవస్థపై స్థానిక పర్యవేక్షణ చరిత్ర

ఉపోద్ఘాతం

అమెరికాలో బాలల న్యాయవ్యవస్థ ఒక్కటి కాదు. ప్రతి రాష్ట్రానికీ తన చట్టం ఉంది. ఆ చట్టాన్ని అమలుచేసే యంత్రాంగం చాలాచోట్ల కౌంటీ చేతిలో ఉంది. కౌంటీని తెలుగులో జిల్లాగా అనువదించడం పరిపాటి. పరిమాణం రీత్యా ఆ పోలిక కొంతవరకు సరిపోతుంది గాని అధికార స్వభావం రీత్యా సరిపోదు. మన జిల్లా పాలనకు అధిపతి ప్రభుత్వం నియమించిన కలెక్టరు. కాలిఫోర్నియా కౌంటీకి ఓటర్లు ఎన్నుకున్న సూపర్‌వైజర్ల బోర్డు ఉంటుంది; సొంత బడ్జెట్టు, సొంత ఉద్యోగులు, సొంత న్యాయవాదులు ఉంటారు. ఆ రాష్ట్రంలోని 58 కౌంటీలలో పోలీసులు ఒక బాలుణ్ణి పట్టుకుని అప్పగించినప్పుడు, అతన్ని ఇంటికి పంపాలా నిర్బంధంలో ఉంచాలా అని మొదట తేల్చేది కౌంటీ ప్రొబేషన్ అధికారి. నిర్బంధం కౌంటీ నడిపే జువెనైల్ హాలులో. న్యాయమూర్తికి బాలుడి గురించి నివేదిక రాసేదీ, విడుదలైన తరువాత అతని నడతను గమనించేదీ అదే ప్రొబేషన్ శాఖ.

పిల్లవాణ్ణి గమనించే ఈ శాఖను గమనించేవారెవరు? వారు చూసి రాసినదానికి ఏమి ఫలితం కలిగింది? ఆంథొనీ ప్లాట్ 1969లో 'ది చైల్డ్ సేవర్స్' వెలువరించిన నాటి నుంచి ఈ రంగంలోని చరిత్ర రచనలో సంస్కర్తల ఉద్దేశాల మీద, వారి వర్గ ప్రయోజనాల మీద చర్చ బలంగా సాగింది. ఆ చర్చ విలువైనదే. అయితే ఉద్దేశాలను కాసేపు పక్కనబెట్టి, చట్టాలు పర్యవేక్షకుడికి ఏ స్థానం ఇచ్చాయో చదివితే మరొక చరిత్ర కనిపిస్తుంది. సంస్థలను నడిపే బాధ్యత కౌంటీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి తిరిగి కౌంటీకి మారింది. పర్యవేక్షకుడి స్థానం మాత్రం పెద్దగా మారలేదు. చూసే హక్కు ఒకరికి, మూసే అధికారం మరొకరికి, ఖర్చుపెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చిన ఏర్పాటు నూరేళ్లకు పైగా కొనసాగింది.

సందర్శకుల మండలి

ప్రపంచంలో తొలి బాలల న్యాయస్థానంగా పేరుపొందినది ఇల్లినాయ్ రాష్ట్రం కుక్ కౌంటీలో, అంటే షికాగోలో, 1899 జూలైలో మొదలైంది. లూసీ ఫ్లవర్, జూలియా లాత్రప్ వంటి మహిళా సంస్కర్తల కృషి దాని వెనుక ఉంది. ఆ చట్టంలో ప్రొబేషన్ అధికారులను నియమించే అధికారం న్యాయస్థానానికి ఇచ్చారు. వారికి ప్రజాధనం నుంచి జీతం ఇవ్వరాదని కూడా రాశారు. ఈ నిబంధనను చరిత్రకారులు తరచుగా ప్రస్తావిస్తారు. అంతగా ప్రస్తావనకు రాని నిబంధన మరొకటి ఉంది. కౌంటీ న్యాయమూర్తి ఆరుగురు గౌరవనీయులైన స్థానికులతో ఒక సందర్శకుల మండలిని నియమించవచ్చు. వారికి వేతనం లేదు. పిల్లలను ఉంచుకునే సంస్థలన్నింటినీ ఏడాదికొకసారి చూడాలి. కనీసం ఇద్దరు కలిసి వెళ్లాలి. చూసినది న్యాయస్థానానికి, రాష్ట్ర ధర్మసంస్థల కమిషనర్లకు నివేదించాలి. ప్రయాణ ఖర్చులు ఇవ్వాలా వద్దా అన్నది కౌంటీ బోర్డు ఇష్టం.

ఇక్కడ మూడు అంశాలు గమనించదగినవి. సందర్శకుడు స్వచ్ఛంద సేవకుడు. అతని బాధ్యత నివేదికతో ముగుస్తుంది. అతని దారి ఖర్చు సైతం తాను పరిశీలించే పాలనావ్యవస్థ దయ మీద ఆధారపడి ఉంది. తరువాత వచ్చిన అనేక మండళ్ల పోలికలు ఈ తొలి నమూనాలోనే ఉన్నాయి.

ఈ నమూనా అమెరికాకే పరిమితం కాలేదనడానికి మన చట్టమే సాక్ష్యం. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 54వ సెక్షన్ కింద జిల్లా స్థాయి తనిఖీ కమిటీలు మూడు నెలలకొకసారి బాలల గృహాలను చూడాలి. బృందంలో ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి. అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. వారం లోపల నివేదిక సమర్పించాలి. ఎన్నిసార్లు వెళ్లాలో, ఎందరు వెళ్లాలో, ఎన్ని రోజుల్లో రాయాలో చట్టం లెక్కగట్టి చెప్పింది. నివేదిక అందిన తరువాత నెల లోపల తగిన చర్య తీసుకోవాలని ఆ సెక్షన్ చెప్పింది గాని, ఆ చర్య ఏమిటో అంత కచ్చితంగా చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పరిశీలన గృహాల మీద పరిశోధన చేసేవారికి ఈ తేడా పరిచితమే.

కౌంటీ నుంచి రాష్ట్రానికి

కాలిఫోర్నియా బాలల న్యాయస్థాన చట్టం 1903లో వచ్చింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రొబేషన్ శాఖ పుట్టినదీ ఆ ఏడాదే. చట్టం న్యాయస్థానానికి తోడుగా పౌరులతో కూడిన ప్రొబేషన్ కమిటీని ఏర్పాటు చేసింది. న్యాయమూర్తి, కమిటీ, ప్రొబేషన్ అధికారి ఒకే గదిలో కూర్చుని పిల్లల మేలు ఆలోచించే పెద్దలన్న భావన దీని వెనుక ఉంది. పెద్దలంతా ఒకే పక్షమైనప్పుడు ఒకరినొకరు ప్రశ్నించుకోవలసిన అవసరం చట్టకర్తలకు కనిపించలేదు. తండ్రి స్థానంలో రాజ్యం నిలుస్తుందన్న సిద్ధాంతం న్యాయస్థానంలో బాలుడికి న్యాయవాదిని అనవసరం చేసినట్లే, పాలనలో పర్యవేక్షకుణ్ణి సలహాదారుగా మార్చింది.

లాస్ ఏంజెలెస్ సెంట్రల్ జువెనైల్ హాలు 1912 నాటిది. 1930ల తొలినాళ్లలో ఆ కౌంటీ కొండప్రాంతాలలో బాలుర కోసం అటవీ శిబిరాలు తెరిచింది. అప్పటికే రాష్ట్రానికి సంస్కరణ పాఠశాలలు ఉన్నాయి: విట్టియర్‌లోనిది 1891లో, అయోన్‌లోని ప్రెస్టన్ పాఠశాల 1894లో తెరిచారు. విట్టియర్ పాఠశాలలో 1939, 1940లలో ఇద్దరు బాలురు మరణించడంతో దాని మీద బహిరంగ విచారణలు జరిగాయి. 1941లో కాలిఫోర్నియా శాసనసభ యూత్ కరెక్షన్ అథారిటీ చట్టాన్ని ఆమోదించింది. కొద్దికాలానికే అది యూత్ అథారిటీగా ప్రసిద్ధమై రాష్ట్ర పాఠశాలలను తన అధీనంలోకి తీసుకుంది. 1943లో గవర్నర్ ఎర్ల్ వారెన్ దానికి అధిపతిగా కార్ల్ హోల్టన్‌ను ఎంచుకున్నారు. హోల్టన్ అంతకుముందు లాస్ ఏంజెలెస్ కౌంటీ ముఖ్య ప్రొబేషన్ అధికారి. రాష్ట్ర సంస్థను దిద్దడానికి కౌంటీ నుంచి మనిషిని తెచ్చుకున్నారన్నమాట. ఎనభై ఏళ్ల తరువాత ఇదే నాటకం తిరగబడింది.

ఇరవై అయిదు డాలర్ల లెక్క

రాష్ట్రం, కౌంటీల మధ్య పిల్లల రాకపోకలను సిద్ధాంతాల కంటే ధరలు ఎక్కువగా నిర్ణయించాయి. ఒక బాలుణ్ణి యూత్ అథారిటీకి పంపితే కౌంటీ చెల్లించవలసిన రుసుము 1961లో నెలకు 25 డాలర్లుగా స్థిరపడి, మూడున్నర దశాబ్దాలు అక్కడే నిలిచిపోయింది. స్థానికంగా శిబిరంలో ఉంచి చదువు చెప్పించడం కంటే రాష్ట్రానికి పంపడం కౌంటీ ఖజానాకు ఎన్నో రెట్లు చవక. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1965లో ప్రొబేషన్ రాయితీ చట్టం వచ్చింది. రాష్ట్రానికి పంపకుండా స్థానికంగా ఉంచుకున్న ఒక్కొక్కరికి 4,000 డాలర్ల వరకు కౌంటీకి చెల్లించే పథకం అది. రాష్ట్ర సంస్థలకు చేరేవారి సంఖ్య తగ్గింది. 1978లో ఆ పథకం ముగిసింది.

1990ల మధ్యకు యూత్ అథారిటీలోని పిల్లలు, యువకుల సంఖ్య పది వేలు దాటింది. 1996లో చేసిన చట్టం మరుసటి ఏడాది నుంచి రుసుమును 150 డాలర్లకు పెంచింది. తక్కువ తీవ్రత గల నేరాలకు పంపినప్పుడు అసలు ఖర్చులో సగం నుంచి మొత్తం వరకు కౌంటీయే భరించాలన్నది. ఆ తరువాతి సంవత్సరాలలో సంఖ్య వేగంగా పడిపోయింది. నేరాల రేటు తగ్గడం కూడా దీనికి ఒక కారణమే గనుక రుసుముకే ఘనత కట్టబెట్టడం సరికాదు. అయినా ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఏ పౌర కమిటీ నివేదికా కదిలించలేని కౌంటీలను ఈ రుసుము కదిలించింది. పర్యవేక్షణ చరిత్రలో దీని ప్రాధాన్యం ఉన్నదానికంటే తక్కువగా గుర్తింపు పొందింది.

1961 చట్టం, ఒక మినహాయింపు

1961 నాటి ఆర్నాల్డ్–కెన్నిక్ చట్టం కాలిఫోర్నియా బాలల న్యాయాన్ని కొత్తగా నిర్మించింది. బాలుడికి న్యాయవాది హక్కు గురించి చెప్పిన ఈ చట్టం, అదే విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1967లో గాల్ట్ కేసు తీర్పు ఇవ్వడానికి ఆరేళ్ల ముందు వచ్చింది. ఆ కేసు కూడా ఒక కౌంటీ కథే. అరిజోనాలోని గిలా కౌంటీలో పదిహేనేళ్ల బాలుణ్ణి ఒక అసభ్యకరమైన ఫోన్ కాల్ ఆరోపణ మీద ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా రాష్ట్ర పాఠశాలకు అప్పగించారు; పెద్దవాడు అదే పని చేస్తే గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా లేదా రెండు నెలల జైలు.

1961 చట్టం ప్రతి కౌంటీలోనూ జువెనైల్ జస్టిస్ కమిషన్ ఉండాలన్నది. నేటి పాఠం ప్రకారం ఏడుగురికి తగ్గకుండా పదిహేనుమందికి మించకుండా పౌరులు సభ్యులు. వారిలో కనీసం ఇద్దరు 14–21 ఏళ్ల వయసువారు కావాలి. బాలల న్యాయ చట్టం కౌంటీలో ఎలా అమలవుతున్నదో విచారించడం దాని విధి. అందుకోసం ప్రభుత్వ సంస్థలన్నింటిలోకీ ప్రవేశించవచ్చు, జువెనైల్ హాలును ఏడాదికొకసారైనా చూడాలి, న్యాయస్థానం ద్వారా సాక్షులను పిలిపించవచ్చు, సిఫార్సులను ప్రచురించవచ్చు. సొంత చార్టర్‌తో వేరే ఏర్పాటు చేసుకోని కౌంటీలలో ముఖ్య ప్రొబేషన్ అధికారి పేరును ప్రతిపాదించే హక్కూ ఈ కమిషన్‌దే. కాగితం మీద ఇవి చిన్న అధికారాలు కావు. ఇల్లినాయ్ సందర్శకుల మండలితో పోలిస్తే చాలా దూరం వచ్చినట్లే.

అయితే చట్టంలోనే ఒక మినహాయింపు చేరింది. 60 లక్షలకు మించిన జనాభా గల కౌంటీలో జువెనైల్ జస్టిస్ కమిషన్‌కు బదులుగా ప్రొబేషన్ కమిషన్ ఉంటుంది. దాని సభ్యులను నియమించేది ప్రొబేషన్ అధికారిని నియమించే అధికారమే. అది ప్రొబేషన్ అధికారికి సలహా సంఘంగా పనిచేస్తుంది. చట్టం కౌంటీ పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. 60 లక్షలు దాటిన కౌంటీ కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ ఒక్కటే. కౌంటీలలో కెల్లా ఎక్కువమంది పిల్లలను నిర్బంధించే చోట, పర్యవేక్షకుడు తాను పర్యవేక్షించవలసిన అధికారికే సలహాదారు అయ్యాడు. కొన్ని వేల జనాభా గల కొండ కౌంటీలోని కమిషన్‌కు చట్టం ఇచ్చిన స్థానం దేశంలోనే అతిపెద్ద ప్రొబేషన్ శాఖ ఉన్న కౌంటీలో లేదు. ఈ మినహాయింపుకు పరిపాలనా సౌలభ్యం కారణం కావచ్చు గాని దాని పర్యవసానం సౌలభ్యానికి పరిమితం కాలేదు.

లాస్ ఏంజెలెస్: బయటినుంచి వచ్చిన పరిశీలకులు

ఇంట్లో చూసేవారి మాట చెల్లనప్పుడు బయటివారు వచ్చారు. 2000లో ఫెడరల్ న్యాయశాఖ లాస్ ఏంజెలెస్ కౌంటీలోని మూడు జువెనైల్ హాళ్ల మీద విచారణ ప్రారంభించింది. 2003లో దాని ఫలితాలు వెలువడ్డాయి. 2004లో కౌంటీతో ఒప్పందం కుదిరింది. తరువాత దృష్టి శిబిరాల మీదికి మళ్లి, 2008లో మరొక ఒప్పందానికి దారితీసింది. 2019 ఫిబ్రవరిలో కౌంటీ సూపర్‌వైజర్లు హాళ్లలో మిరియపు స్ప్రే వాడకాన్ని దశలవారీగా నిలిపివేయాలని నిర్ణయించారు. 2021 జనవరిలో రాష్ట్ర అటార్నీ జనరల్‌తో కోర్టు ద్వారా మరొక ఒడంబడిక జరిగింది. ఇరవై ఏళ్లలో ముగ్గురు పరిశీలకులు, మూడు ఒప్పందాలు. ప్రతి ఒప్పందంలోనూ బలప్రయోగం, పిల్లల చదువు, మానసిక ఆరోగ్యం అనే అంశాలు ఏదో ఒక రూపంలో తిరిగి తిరిగి కనిపిస్తాయి.

2021లోనే పాత ప్రొబేషన్ కమిషన్ స్థానంలో తొమ్మిదిమంది సభ్యుల ప్రొబేషన్ ఓవర్‌సైట్ కమిషన్ పనిచేయడం మొదలుపెట్టింది. పేరులో 'పర్యవేక్షణ' అన్న మాట చేరడం చిన్న విషయం కాదు. కొత్త కమిషన్ సూపర్‌వైజర్ల బోర్డుకు నివేదిస్తుంది, ప్రొబేషన్ అధికారికి కాదు. విచారణ జరపడానికి కౌంటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయపు సాయం ఉంది. పౌరుల ఫిర్యాదులు వింటుంది. అరవై ఏళ్లనాటి మినహాయింపును ఇది చాలావరకు సరిదిద్దింది. ఒకటి మాత్రం దీనికీ దక్కలేదు. హాలు నడపడానికి తగదని ఈ కమిషన్ ఎంత గట్టిగా చెప్పినా, ఆ హాలు తలుపులు మూయించే శక్తి దానికి లేదు.

రాష్ట్రం నుంచి తిరిగి కౌంటీకి

ఆ శక్తి రాష్ట్ర స్థాయి బోర్డు చేతిలో ఉంది. 2012లో ప్రస్తుత రూపం దాల్చిన బోర్డ్ ఆఫ్ స్టేట్ అండ్ కమ్యూనిటీ కరెక్షన్స్ జువెనైల్ హాళ్లను రెండేళ్లకొకసారి తనిఖీ చేస్తుంది. లోపాలు కనిపిస్తే నోటీసు ఇస్తుంది. హాలు నిర్బంధానికి తగదని తేల్చిన తరువాత 60 రోజులలోపు దిద్దుకోకపోతే, అక్కడ పిల్లలను ఉంచరాదని చట్టం చెబుతుంది. చాలాకాలం ఈ అధికారం అటక మీది కత్తిలా పడి ఉంది.

ఇంతలో రాష్ట్ర సంస్థలే కూలిపోయాయి. 2003లో యూత్ అథారిటీ పరిస్థితుల మీద ఫారెల్ కేసు దాఖలైంది. 2004లో కోర్టు ఒప్పందం కుదిరింది. దాని పర్యవేక్షణ 2016 వరకు సాగింది. 2007 చట్టం తీవ్రత తక్కువ నేరాలలోని పిల్లలను కౌంటీలకు అప్పగించింది. 2020 సెప్టెంబరులో గవర్నర్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 823 మిగిలినవారినీ అప్పగించింది. 2021 జూలై నుంచి కొత్తవారిని రాష్ట్రం చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. 2023 జూన్ 30న రాష్ట్ర విభాగం మూతపడింది. తీవ్రమైన నేరాలలో తీర్పు పొందిన యువకుల కోసం కౌంటీలు 'భద్రతాయుత చికిత్సా కేంద్రాలు' ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ఒక్కొక్కరికీ రాష్ట్రం నిధులు ఇస్తుంది. వాటిని ఎలా ఖర్చు చేయాలో ప్రణాళిక వేయడానికి ప్రతి కౌంటీలో ఒక ఉపసంఘం ఉండాలని, అందులో ప్రభుత్వేతర సామాజిక ప్రతినిధులు ముగ్గురికి తగ్గకుండా ఉండాలని చట్టం చెప్పింది. చట్టం చేసిననాటి పాఠం ప్రకారం ఆ ఉపసంఘానికి అధ్యక్షుడు ఎవరు? కౌంటీ ముఖ్య ప్రొబేషన్ అధికారే.

రాష్ట్రంలోని పెద్ద సంస్థల కంటే ఇంటికి దగ్గరగా ఉన్న చోటే పిల్లవాడు బాగుపడతాడన్న వాదనలో బలం ఉంది. తల్లిదండ్రులు వచ్చి చూడగలగడం తక్కువ మేలేమీ కాదు. కాని ఇల్లు దగ్గరైనంత మాత్రాన కాపలాదారు మారడు. రాష్ట్రం చేతులు కడుక్కున్న సమయంలో లాస్ ఏంజెలెస్ హాళ్ల స్థితి ఏమిటో అందరికీ తెలిసినదే.

2023 మే 23న రాష్ట్ర బోర్డు సెంట్రల్ హాలునూ, సిల్మార్‌లోని బ్యారీ జె. నైడార్ఫ్ హాలునూ నిర్బంధానికి తగనివిగా ప్రకటించింది. సరిగ్గా రెండు వారాల ముందు నైడార్ఫ్‌లోని భద్రతాయుత కేంద్రంలో పద్దెనిమిదేళ్ల యువకుడు మరణించాడు. మాదకద్రవ్యం మోతాదు మించడమే అందుకు కారణమని తేలింది. చిత్రమేమిటంటే అతను ఉన్న ఆ విభాగాన్ని తగనిదని ప్రకటించే అధికారం ఆనాడు బోర్డుకు లేదు. 2020 చట్టం కొత్తరకం కేంద్రాన్ని సృష్టించింది గాని పాత మూసివేత అధికారాన్ని దానికి వర్తింపజేయలేదు. ఆ లోటును శాసనసభ 2023లో పూడ్చింది. అప్పటిదాకా ఒకే ప్రాంగణంలో గోడకు ఇటువైపు పిల్లలను ఖాళీ చేయించవచ్చు, అటువైపు వారిని చేయించరాదు.

ఖాళీ చేయించినవారిని ఎక్కడికి పంపాలి? 2019లో మూసివేసిన డౌనీలోని లాస్ పాడ్రినోస్ హాలును కౌంటీ 2023 జూలైలో హడావిడిగా తెరిచి, దాదాపు 300 మందిని అక్కడికి తరలించింది. హాలు మారింది, సిబ్బంది, శాఖ, అధికారులు మారలేదు. ఆ హాలులో 2023 జూలై నుంచి డిసెంబరు వరకు పిల్లల మధ్య కొట్లాటలను అనుమతించారన్న ఆరోపణపై 2025 మార్చిలో 30 మంది ప్రొబేషన్ ఉద్యోగులపై అభియోగాలు వెల్లడయ్యాయి. 69 కొట్లాటలు, 12 నుంచి 18 ఏళ్ల వయసు గల 143 మంది బాధితులు అని అటార్నీ జనరల్ పేర్కొన్నారు. ఇవి న్యాయస్థానంలో తేలవలసిన ఆరోపణలే. అయితే ఆరోపణల కాలం, రెండు హాళ్లు మూసిన వెంటనే వచ్చిన ఆరు నెలలు. మూసివేత అధికారం నిజంగా ఉపయోగించినప్పుడు అది పిల్లలకు స్థలం మార్చింది, స్థితి మార్చలేదు.

2024 అక్టోబరులో రాష్ట్ర బోర్డు లాస్ పాడ్రినోస్‌ను కూడా తగనిదని ప్రకటించింది. సిబ్బంది కొరత ప్రధాన కారణం. నియమితులైనవారిలో చాలామంది పనికి రావడం లేదు. గడువు డిసెంబరు 12. గడువు గడిచింది, హాలు నడుస్తూనే ఉంది. బోర్డుకు తీర్పు చెప్పే అధికారం ఉంది గాని దాన్ని అమలుచేసే పోలీసు లేడు. కౌంటీకి మరొక భవనం లేదు. చట్టం పాఠంలో 'ఉంచరాదు' అన్న క్రియాపదానికి కర్త ఎవరన్నది అప్పుడుగాని ప్రశ్నగా ముందుకు రాలేదు.

చివరికి ఆ ప్రశ్నను న్యాయస్థానానికి తీసుకువెళ్లినది ఏ కమిషనూ కాదు, పిల్లల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు. తమ కక్షిదారులను చట్టవిరుద్ధమైన చోట ఉంచారన్నది వారి వాదన. 2025 వసంతంలో బాలల న్యాయస్థాన న్యాయమూర్తి మిగెల్ ఎస్పినోజా హాలులోని సంఖ్యను తగ్గించే ప్రణాళిక సమర్పించాలని కౌంటీని ఆదేశించి, మే నెలలో వందమందికి పైగా తరలించాలన్నారు. 1903 చట్టంలో న్యాయమూర్తి పక్కనే కూర్చున్న ప్రొబేషన్ అధికారి ఇప్పుడు ఆయన ఎదుట సంజాయిషీ చెప్పుకునే స్థితికి వచ్చాడు. సలహా సంఘాలు ఇవ్వలేకపోయిన దూరాన్ని ప్రతివాద పద్ధతి ఇచ్చింది. 1961లో బాలుడికి న్యాయవాదిని ఇచ్చిన నిబంధన పర్యవేక్షణ అధ్యాయంలో లేదు. పర్యవేక్షణకు చివరకు పనికివచ్చినది అదే.

2025 జూలైలో అటార్నీ జనరల్ రాబ్ బాంటా మరింత ముందుకు వెళ్లి, 2021 ఒడంబడికను కౌంటీ పాటించలేదంటూ జువెనైల్ హాళ్లను కోర్టు నియమించే రిసీవర్ చేతికి అప్పగించాలని కోరారు. స్థానిక స్వపరిపాలన దృష్ట్యా ఇది తేలికగా తీసుకోదగిన కోరిక కాదు. రిసీవర్ ఓటర్లకు జవాబుదారీ కాడు. అయిదుగురు సూపర్‌వైజర్లు, ఎన్ని తప్పులు చేసినా, ఎన్నికలలో నిలబడవలసినవారే. కోరిన అధికారాలలో మాత్రం బడ్జెట్టు నిర్ణయించడం, ఉద్యోగులను నియమించడం, తొలగించడం ఉన్నాయి. 1899 నాటి ఆరుగురు సందర్శకులకు ప్రయాణ ఖర్చు కూడా హక్కుగా దక్కలేదు.